కూడలిలోని పెట్టె

కాశీయాత్రలను గూర్చియు, కొండలను కోనలను గూర్చియు మీరు చాల చదివియుందురు. నేను వ్రాయబోవునది వీధిలోని ఒక ఇనుప పెట్టెను గూర్చి. నవ్వకుడు. ఆ పెట్టె మూలముననే మేము నల్లగొండ నుండి పాలమూరు వఱకు ప్రయాణము చేసితిమి.

మాది నల్లగొండ. పట్టణములలోని కూడళ్ల యందు ఎఱ్ఱదీపమును, పచ్చదీపమును వెలిగించి ఆర్పు యంత్రము ఒక పెట్టెలో నుండునని మీరెఱుగుదురో లేదో. బూడిదరంగు వేసిన చిన్న బీరువా వలె నుండును. ఏ దారికి ఎంతసేపు దీపము వెలుగవలయునో లెక్కించు సాధనమును, దీపములకు పోవు తీగెలును దానిలో నుండును. దానివైపు చూచువారు లేరు. దానిపై కాగితము లంటించువారు మాత్రము కలరు. అద్దెగదులు, ట్యూషనులు, మూలవ్యాధికి మందు - అన్నియు నొకదానిపై నొకటి. కూరగాయలు కొని వచ్చుచు నేనును ఎన్నియో మాఱులు సంచిని దానికి ఆనించి నిలిచితినే గాని అది యేమని విచారింపలేదు.

మా అమ్మాయి డిగ్రీ చదువుచున్నది. ఒకనాడు ఆమె, "అమ్మా, ఇట్టి పెట్టెలమీద వేఱు దేశములలో బొమ్మలు వేయుదురట" అని చెప్పెను. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున 1999లో ఊరివారిచేతనే ఈ పెట్టెలకు బొమ్మలు వేయించుట మొదలిడిరి. బొమ్మ యున్నచోట పిచ్చిగీతలు గీయుటకు మనుష్యుడు సంకోచించునని వారి తలంపు. పిమ్మట అమెరికాలోని బోస్టను, ఐర్లండులోని డబ్లిను మొదలగు నగరములును ఆ దారి పట్టినవి.

ఇది విని నాకు నవ్వు వచ్చెను. ఈ యుక్తి మన కెఱుకలేనిదా? గుమ్మము ముందఱ ఎవరో చెత్త పోయుచున్నచో, ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గు పెట్టుదుము. మఱునాడు అచట చెత్త పోయుటకు ఎవరికిని చేయి రాదు. హైదరాబాదు నగరపాలకులును చెత్త పేరుకొను మూలలను శుభ్రపఱచి, అచట ముగ్గులు వేయించిరి. ఏ ఇల్లాలు వారికి ఈ మాట చెప్పెనో!

ఇక వీధిన పోవువారికొఱకు గోడల వెలుపల కథలు చూపుటయా? మా ఊరి చెంతనే పానగల్లు కలదు. అచటి పచ్చల సోమేశ్వరాలయపు వెలిగోడలపై రామాయణ భారత కథలును, శివలీలలును చెక్కియున్నారు. గర్భగుడిలోనికి పోకయే ప్రదక్షిణము చేయువారికి పురాణమంతయు కన్నులబడును. చదువు రానివారికి అదియే పుస్తకము. అయితే శిల్పికి ఏమి ముట్టెనో ఆ గోడ చెప్పదు. ఈ ప్రశ్న అప్పుడు నాకు తోచలేదు, పాలమూరులో తోచినది.

మొదట హైదరాబాదులో బంధువుల పెండ్లికి పోయితిమి. తీఱిక చూచుకొని అమ్మాయి నన్ను మక్తా అను పేటకు తీసికొనిపోయెను. అది రాజభవనమునకు సమీపముననే యున్నది. ఇఱుకు సందులు, చిన్న యిండ్లు. 2016లో స్టార్ట్ ఇండియా అను సంస్థవారు చిత్రకారులను రప్పించి, ఇచటి ఇండ్లగోడలపై పెద్ద పెద్ద చిత్రములు వేయించిరి. హైదరాబాదు వీధులలో తెలంగాణపు స్త్రీలను గోడ నిండ చిత్రించిన స్వాతి, విజయ్ దంపతుల పేరు మీరు వినియేయుందురు. మేము చూచునప్పటికి కొన్ని గోడల రంగు వెలిసినది. ఒకచోట చిత్రము నడిమిని నీటిగొట్టము దిగినది. ఒక గడపలో కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచున్న ముసలమ్మను, "ఈ బొమ్మలు మీకు బాగున్నవా?" అని అడిగితిని. "బొమ్మ మంచిగనే ఉన్నది బిడ్డా, చూసెటందుకు మంది వస్తరు. మోరీ మాత్రం గట్లనే ఉన్నది" అనెను. ఆమె చెప్పినది ఫిర్యాదని నాకు తోచలేదు. ఇంటికి వచ్చిన చుట్టమునకు ఉన్నది ఉన్నట్లు చెప్పినది, అంతే.

అచట నుండి పాలమూరునకు బస్సు ఎక్కితిమి. ఇది మా అమ్మ పుట్టినిల్లు. 1890లో ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరిట మహబూబునగరమైనను, మాకు నోటికి వచ్చునది పాలమూరే. జడ్చర్ల దాటిన వెనుక ఎఱ్ఱమట్టి చేలును, రాతిగుట్టలును కనబడగానే నాకు అమ్మమ్మ చేతి జాజు జ్ఞప్తికి వచ్చినది. పండుగకు ముందు ఆమె గోడలకు సున్నము వేసి, అడుగున జానెడు వెడల్పున జాజుపట్టె తీర్చెడిది. చేతివ్రేళ్లే ఆమెకు కుంచెలు.

పిల్లలమఱ్ఱిని చూడక పాలమూరు నుండి ఎవరు వత్తురు? ఇంచుమించు మూడెకరములు పఱచుకొన్న ఆ ఏడువందల యేండ్ల చెట్టు కొమ్మ 2017లో విఱిగిపడెను. మఱుసటి యేడు చెదపురుగులను చంపుటకై, రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలు వ్రేలాడగట్టి, మందును బొట్టుబొట్టుగా ఎక్కించిరి.

మా మేనమామ పాలమూరులో నలువది యేండ్లు అక్షరములు వ్రాసి బ్రదికినవాడు. కిరాణాకొట్ల పేర్లు, లారీల వెనుకటి తామరపువ్వులు, బడిగోడలపై భారతదేశపు పటము, ఆసుపత్రి గోడపై కుటుంబనియంత్రణపు ఎఱ్ఱ త్రిభుజము - అన్నియు ఆయన చేతివే. నా చిన్నతనమున ఆయన వెంట బజారున నడచుట నాకెంతో గొప్ప. ప్రతి దుకాణము పైనను మా యింటివారి చేవ్రాలే యున్నట్లుండెడిది. పిదప ఫ్లెక్సీ వచ్చెను. మూడుదినముల పని ఒక గంటలో యంత్రము చేయసాగెను. ఆయన యొద్ద పని నేర్చుకొనుచుండిన ఇరువురు కుఱ్ఱవాండ్రు, ఈ జిల్లావారు పెక్కుమంది వలెనే, బొంబాయికి కూలికి పోయిరి. కొన్ని యేండ్లక్రిందట ఒక ఊరివారు గోడలకు బొమ్మలు వేయుమని మామను పిలిచిరి. ఆ ఊరి పేరు వ్రాయను. సగము సొమ్ము ఇచ్చిరి. తక్కిన సగమునకై తిరిగి తిరిగి ఆయన చెప్పులరిగినవి.

ఇది యెఱుగని మా అమ్మాయి ఉత్సాహముగా, "తాతా, మా కాలేజి పిల్లలము నల్లగొండలో పెట్టెకు బొమ్మ వేస్తాము. ఊరికే వేస్తాము, ఎవరూ పైస ఇవ్వనక్కరలేదు. నీవు వచ్చి నేర్పు" అని అడిగెను.

మామ కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మీరు ఉత్తగ ఏస్తే రేపు నాకు కూలి ఎవడిస్తడు బిడ్డా?" అనెను.

అమ్మాయి మొగము చిన్నబోయెను. పసిపిల్ల ఆశపై నీళ్లు చల్లెనేయని మొదట నాకును కష్టము తోచినది. కాని రాత్రి పండుకొని ఆలోచింపగా, ఆ మాట మనకు తెలియనిదా యనిపించినది. వంటకు వెలలేదు, ముగ్గునకు వెలలేదు. ఇష్టముతో చేసినది గనుక ఊరకే చేసినట్లే లెక్క. మన పని విషయమున మనము సహించిన యీ లెక్కను ఆ వృద్ధుని పనికిని కట్టబోతిమి.

మఱునాటి ఉదయము మామ తానే చెప్పులు తొడిగి, "పెట్టె ఎట్లుంటదో చూత్తాం పదండి" అనెను. తెలంగాణ చౌరస్తా వైపు నడచి, అట్టి పెట్టె నొకదానిని కనుగొంటిమి. ఆయన దానిపై అఱచేయి పెట్టి వెంటనే తీసికొనెను. "జూడు, పొద్దుగాలనే గిట్ల కాలుతున్నది. నల్లరంగు, ముదురు నీలం ఎయ్యద్దు. లోపటి మిషిని ఉడుకుతది. మీద తెల్లగుండాలె, అడుగున జాజు." పెట్టె ప్రక్కనున్న గాలిరంధ్రములను వ్రేలితో చూపి, వానిని గాని తాళమును గాని రంగు కప్పరాదనియు, గరుకు కాగితముతో రుద్ది, తుప్పు పోగొట్టి, అస్తరు పూయక బొమ్మ వేసినచో ఒక్క వానకే పొలుసులు లేచుననియు చెప్పెను. అమ్మాయి అన్నియు వ్రాసికొనెను. పచ్చదీపము వెలిగినను మేము కదలకుండుట చూచి ఆటోవారు మోతలు మోగించిరి.

నల్లగొండకు తిరిగి వచ్చి అమ్మాయి పురపాలక సంఘమువారికిని, ట్రాఫిక్కు పోలీసువారికిని చెఱియొక అర్జీ వ్రాసెను. రంగుల ఖర్చు, కుంచెల ఖర్చు వ్రాసిన పిదప మూడవ వరుసలో "మేస్త్రీ కూలి, నాలుగు దినములు" అని వ్రాసి, ఎంత వేయవలెనని నన్నడిగెను. మామకు ఫోను చేసితిమి. ఆయన చెప్పిన సంఖ్య తక్కువగా తోచి, ఆమె దానికి బస్సు ఛార్జీ కలిపినది.

జవాబు ఇంకను రాలేదు. మామ మాత్రము గట్టిపడిన కుంచెలను కిరసనాయిలులో నానవేసి, అటకమీది రంగుడబ్బాలను దింపించినాడని నిన్న అత్తయ్య ఫోనులో చెప్పినది. ఇల్లంతయు వాసన కొట్టుచున్నదని ఆమె విసుగు.