టాంకు మూత మీద చిన్న మర



మన లంక పరిచర్యకు వాడుతున్న పడవ మీ అందరికీ తెలుసు. డిండి వైపు వచ్చే టూరిస్టులను సాయంత్రాలు సరదాగా తిప్పడానికి ఒకాయన కొనుక్కున్న ఫైబర్ పడవ అది. ఆయన ఆ పని మానుకున్నాక తక్కువ ధరకు మనకిచ్చారు. 16 అడుగుల పొడవు, వెనుక 8 హార్స్‌పవర్ ఇంజను. సెమినరీలో మాకు గ్రీకు అక్షరాలు నేర్పారు గాని స్పార్కు ప్లగ్గు విప్పడం నేర్పలేదు. అది నేర్పినవారు లంకలోని తాతగారు, మన విశ్వాసి ఒకామెకు మామగారు. ఒకప్పుడు పంటు మీద సరంగుగా పనిచేశారు. గుడికి రారు, ప్రార్థనకూ రారు. మాకు మాత్రం ప్రతి శనివారం పాఠం చెప్పేవారు.

మనది టూ-స్ట్రోక్ ఇంజను. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి. ఎక్కువ పోస్తే మంచిదే కదా అని మేము చేయి జారవిడిచేవాళ్ళం. ప్లగ్గు నల్లగా మసిబారేది, ఇంజను పొగ కక్కేది. తక్కువైతే ఇంకా ప్రమాదం, పిస్టను పట్టేస్తుంది. ఇంజను అందుకోగానే వెనుక సన్నని ధారగా నీళ్ళు పడుతున్నాయో లేదో చూడాలి. లోపలి రబ్బరు ఇంపెల్లర్ నది నీటిని లాగి ఇంజనును చల్లబరిచి అలా బయటకు వదులుతుంది. మన పాయలో ఇసుక ఎక్కువ కాబట్టి ఆ రబ్బరు తొందరగా అరిగిపోతుంది. పోటు వేళ ఉప్పునీరు పైకి వస్తుంది గనుక, ఆ రోజు తిరిగొచ్చాక డ్రమ్ములో మంచినీళ్ళు పోసి ఇంజనును కాసేపు అందులో నడపాలి. ఇవన్నీ విన్నాం, కొన్ని చేశాం. బద్ధకించిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. మూడేళ్ళ క్రితం వర్షాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం నది మధ్యలో ఇంజను ఆగిపోయిందని, ప్రార్థించగా తిరిగి నడిచిందని మీరు సాక్ష్యం విన్నారు. పుల్పిట్ మీద నిలబడి ఆ సాక్ష్యం చెప్పింది మేమే. అందులో ఒక సగం చెప్పలేదు.

ఆ రోజు పడవలో ఆరుగురం. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పసిబిడ్డను ఒడ్డునున్న ఆసుపత్రికి చేర్చాలి. తాతగారు కూడా ఎక్కారు. బయలుదేరిన కొద్ది నిమిషాలకే ఇంజను దగ్గి ఆగిపోయింది. మేము తాడు లాగాం, లాగాం, అరచేయి బొబ్బలెక్కింది. పడవ అడ్డం తిరిగి ప్రవాహంతో పాటు కొట్టుకుపోసాగింది. తల్లి ఏడుస్తోంది. మేము తాడు వదిలేసి చేతులెత్తి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాం.

తాతగారు ముందుకు పాకి లంగరు వేశారు. తాడు బిగిసింది, పడవ ముక్కు ప్రవాహానికి ఎదురు తిరిగి నిలిచింది. పౌలు ఎక్కిన ఓడ నుండి నావికులు నాలుగు లంగరులు దించిన సంగతి మేము ఎన్ని సార్లు బోధించామో! అంత చదివినా మా ఒక్క లంగరు గుర్తుకు రాలేదు. (వారు అమరము నుండి దించారని మన కుర్రాళ్ళు అలా చేయవద్దు. ప్రవాహంలో చిన్న పడవను వెనుక నుండి కడితే నీళ్ళు లోపలికొస్తాయి. ఎప్పుడూ ముందు నుండే.)

తరువాత ఆయన మెల్లగా అడిగారు. "అయ్యగారండీ, టాంకు మూత మీద మర వదులు చేశారా?"

చేయలేదు. టాంకు ఇంటికి మోసుకెళ్ళేటప్పుడు పెట్రోలు చిందకుండా ఆ చిన్న మర బిగిస్తాం. నడిపే ముందు వదులు చేయాలి. లేకపోతే పెట్రోలు తగ్గిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రాక, ఇంజను ఎంత లాగినా చుక్క దిగదు. ఆయన మర తిప్పగానే ఉస్సుమని గాలి లోపలికి పోయింది. పైపు మధ్యనుండే రబ్బరు బుడ్డి గట్టిపడే దాకా నొక్కారు. రెండో లాగుకే ఇంజను అందుకుంది. బిడ్డ బ్రతికింది, దేవునికి స్తోత్రం. ఇప్పుడు అంగన్‌వాడీకి వెళుతోంది.

మరుసటి ఆదివారం మేము సాతాను ఇంజను ఆపాడని, ప్రార్థనకు అది కదిలిందని చెప్పాం. మర సంగతి చెప్పడానికి సిగ్గేసింది. అందరూ హల్లెలూయ అన్నారు. కృతజ్ఞతార్పణ మామూలు కంటే ఎక్కువ వచ్చింది, కువైట్ నుండి కూడా వచ్చింది. ఆ డబ్బుతో కొత్త ఇంపెల్లర్ కొన్నాం. తాతగారికి కోడలు ఈ సాక్ష్యం వినిపించిందట. మమ్మల్ని కలిసినప్పుడు ఆయన ఆ మాటే ఎత్తలేదు. "ప్లగ్గు మార్చారా అండీ?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న మాకు మూడేళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది.

పోయిన నెల మన యవనస్థులు మాకు చెప్పకుండా తొమ్మిది మందిని ఎక్కించుకుని పడవ తీశారు. లైఫ్ జాకెట్లు మందిరంలోనే ఉన్నాయి. అడుగు బిరడా సరిగా బిగించలేదు. అవతలి ఒడ్డు చేరేసరికి మడమల లోతు నీళ్ళు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు ఇదే గోదావరి పక్కన కూర్చుని ఏడ్చినవాళ్ళం మనం. కోపంతో కేకలేస్తే ఒక తమ్ముడు నెమ్మదిగా అన్నాడు. "అయ్యగారూ, ప్రార్థన చేసే ఎక్కామండి. మీ సాక్ష్యంలో అలాగే కదండీ నడిచింది?"

మాకు నోట మాట రాలేదు. అతనికి ఆ రాత్రే నిజం చెప్పాం. మీకు ఇప్పుడు చెబుతున్నాం. ఆ రోజు ప్రార్థన విన్న దేవుడు తాతగారిని ముందే పడవలో కూర్చోబెట్టాడని మేము నమ్ముతాం. కానీ మర బిగించి మరిచిపోయింది సాతాను కాదు, మీ పాస్టరు. మమ్మల్ని క్షమించండి. ఆ అర్పణ ఇచ్చినవారు తిరిగి అడిగితే ఇస్తాం.

ఇకపై పడవలో జాకెట్లు ఆరు, మనుషులు ఆరుగురు. ఏడో మనిషి రెండో ట్రిప్పు దాకా రేవులో ఆగాలి, అది మేమైనా సరే. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక ఇచ్చారంటే పడవ తీయం, లంకలో ఆరాధన ఫోనులోనే. వచ్చే శనివారం ఉదయం ఆరింటికి తాతగారు రేవులో కుర్రాళ్ళకు ఇంజను విప్పి చూపిస్తానన్నారు. పాత టూత్‌బ్రష్షు ఒకటి, చిరిగిన లుంగీ గుడ్డ ఒకటి తెచ్చుకోండి. ఆయనకు టీ మా ఇంటి నుండే వస్తుంది, పంచదార తక్కువ.