లడ్లోలో మా బస

యాత్రకు బయలుదేరువారు చూడవలసిన స్థలములను గూర్చి విచారించినంతగా, రాత్రి తలదాచుకొనవలసిన చోటును గూర్చి విచారింపరు. మేమును అట్లే చేసి, ఇంగ్లండులోని లడ్లో పట్టణమున నొక పాఠము నేర్చుకొంటిమి.

లడ్లో ష్రాప్‌షైరు మండలమున, వేల్సు సరిహద్దునకు చేరువ నున్న చిన్న సంతపట్టణము. గుట్టమీద ఊరు, దాని పడమటి కొనను కోట, క్రింద టీమ్ నది. 11వ శతాబ్దము చివర నార్మనులు కట్టనారంభించిన ఆ కోటలోనే మిల్టను కవి రచించిన ‘కోమస్’ నాటకము 1634లో మొదట ప్రదర్శింపబడినది. మావారు ఇంగ్లీషు ఉపాధ్యాయులగుటచే ఆ స్థలమును చూడవలెనని వారికి చిరకాలపు కోరిక. బర్మింగ్‌హామున మా ఆడుబిడ్డ యింట నుండగా అవకాశము దొరకెను. అత్తగారిని కూడ తోడ్కొని రైలెక్కితిమి.

ఆ యూరి యందమంతయు పాత యిండ్లలో నున్నది. నల్లని కొయ్య చట్రములు, వాని నడుమ తెల్లని గోడలు, వీథిపైకి ముందునకు వంగిన మేడలు. 1619లో కట్టిన ఫెదర్స్ భవనపు చెక్కడపుపని చూచిన కన్ను మరలదు. అట్టి ప్రాతయింటనే బస చేయవలెనని ముందే ముచ్చటపడి, నదియొడ్డున వంతెనచెంత నొక పూటకూళ్ల యింట మేడమీది గది కుదుర్చుకొంటిమి. అత్తగారి నడుగవలెనని మాకు తోచనే లేదు.

గదికి పోవు మెట్లు ఇఱుకు, గుమ్మములు పొట్టి, నేల యొకవైపునకు వాలియుండెను. స్నానపుగది నడవ చివర, మఱి రెండుమెట్లు దిగి యుండెను. కిటికీనుండి నదిని చూచి మేము మురిసితిమి. అత్తగారును బాగున్నదనిరి. తెల్లవారి చూచునప్పటికి, రాత్రి వారి తలాపున మేముంచిన చెంబెడు నీళ్లు తొణకక యట్లే యుండెను.

“దప్పికయే కాలేదా?” అని యడిగితిమి.

“త్రాగినచో నడురేయి లేవవలెను గదమ్మా! ఆ మెట్లు నావలన గాదు,” అని మెల్లగా చెప్పిరి.

మాకు సిగ్గాయెను. పైగా కోటకు పోవలెనన్న నదినుండి బ్రాడ్ గేటను ప్రాచీనద్వారము దాటి, నిట్టనిలువుగా గుట్టనెక్కవలెను. ఆ పూటయే గుట్టపైన, సంతబజారునకు దాపుగా, క్రింది యంతస్తున నొక సాదాగదికి మారితిమి. చెప్పుకొనదగిన చరిత్ర దానికి లేదు. కాని గడపకు మెట్టు లేదు. స్నానపుగది లోపలనే యున్నది.

అచ్చటినుండి కోట, సంత, 135 అడుగుల గోపురముగల సెయింట్ లారెన్సు దేవాలయము, అన్నియు దాదాపు సమతలమున నడచిపోదగిన దూరములో నున్నవి. సోమ, బుధ, శుక్ర, శనివారములందు సంత జరుగును. అత్తగారు తామొక్కరే వెళ్లి ఆపిలుపండ్లు బేరమాడి తెచ్చిరి. ఆనాడు వారి ముఖమున నున్న వెలుగు కోటగోడలలో మేము చూడలేదు.

కోటలో మావారు ఆర్థరు యువరాజు కథ చెప్పిరి. 1501లో స్పెయిను రాజపుత్రి కాథరీనును పెండ్లాడి యీ కోటకు వచ్చి, 1502లో ఇచ్చటనే మరణించెను. అప్పుడామెకు పదునాఱేండ్లు. అత్తగారు రాతిపై కూర్చుండి విని, “ఇంత పెద్ద కోటలో ఆ పిల్లకు దప్పికైనదా యని యడిగినవా రెవరో!” అనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.

కావున బస కుదుర్చుకొనునపుడు మెట్లెన్ని, స్నానపుగది యెచ్చట, రైలుస్టేషనునుండి ఎక్కుడెంత, సంతరోజున సందడి యెంత యని ముందుగా అడుగుడు. శాకాహారులమని తెలుపుడు. చరిత్రాత్మకములుగా నమోదైన యిండ్లను అనుమతి లేక మార్చుటకు అచ్చటి చట్ట మొప్పుకొనదు. కనుక లిఫ్టు ఉండునని తలంపరాదు. చూడదగిన యిల్లు వేఱు, పండుకొనదగిన యిల్లు వేఱు. మొదటిదానిని చరిత్ర నడిగి తెలిసికొనవచ్చును. రెండవదానిని మాత్రము మనతో వచ్చువారిలో పెద్దవారి మోకాళ్ల నడిగి నిర్ణయింపవలెను.