రూట్ ఎవరికి, ఎంతవరకు?

కంటైనర్లు కట్టడం ఒక పని, వాటి పెత్తనం పంచడం ఇంకో పని. మొదటిది వచ్చింది కదా, రెండోది కూడా వచ్చినట్టేనని నేననుకున్నాను.

మాది తుమ్మలపల్లె. దగ్గర్లోని ఒక కాలేజీలో మూడు పాత సర్వర్లను ప్రాక్స్‌మాక్స్‌తో ఒక క్లస్టర్‌గా కలిపాను. రెండే ఉంటే ఒకటి పడిపోయినప్పుడు రెండోదానికి మెజారిటీ ఉండదు, అందుకే మూడు. వర్చువల్ మెషిన్ అయితే ఒక్కోదానికీ వేరే కెర్నల్ కావాలి, మెమరీ చాలదు. ఒక సర్వర్‌లోని కంటైనర్లన్నీ ఒకే లినక్స్ కెర్నల్ మీద నడుస్తాయి కాబట్టి ప్రతి డిపార్ట్‌మెంటుకూ ఒకటి ఇవ్వగలిగాను.

ఇక రాత్రుళ్లు ఫోన్లు. "సార్, మా సర్వర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి." ఆ బాధ పడలేక ల్యాబ్ ఇన్‌ఛార్జులందరికీ క్లస్టర్ మొత్తం మీద అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చేశాను. మా పక్క ముగ్గురు రైతులు ఒక బోరు పంచుకుంటే ఎవరి గేట్‌వాల్వు వాళ్లు తిప్పుకుంటారు, స్టార్టర్ పెట్టెలో మాత్రం అందరూ చెయ్యి పెట్టరు. నేను పెట్టె తలుపే తీసి పెట్టాను.

ల్యాబ్‌కు మెమరీ చాలడం లేదని ఒక ఇన్‌ఛార్జి తన కంటైనర్ పరిమితిని సర్వర్ మెమరీ మొత్తానికి పెంచుకున్నారు. ఆయన తప్పేం లేదు, ఆ మీట నేనిచ్చిందే. తర్వాత ఒక విద్యార్థి ప్రోగ్రాం అదుపు తప్పి వందల కొద్దీ చిన్న ప్రాసెస్‌లను పుట్టించింది. మెమరీ నిండిపోయింది. అలాంటప్పుడు కెర్నల్ సాధారణంగా ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ను చంపుతుంది. ఆ వేళ అన్నిటికన్నా పెద్దది పరీక్షల విభాగం వారి మార్కుల డేటాబేస్. సగం ఎక్కిన మార్కులు పోయాయి. గుమస్తాలు జవాబు పత్రాలు ముందు పెట్టుకుని మళ్లీ ఎక్కిస్తుంటే నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

యంత్రం చేతికివ్వకుండా రూట్ అధికారం మాత్రం ఇవ్వడమెలా అన్నది పాత ప్రశ్నే. ఫ్రీబీఎస్‌డీ జైళ్లు 2000లోనే దానికోసం వచ్చాయి. 2005లో వచ్చిన సోలారిస్ 10 జోన్లలోనూ మొత్తం యంత్రం చూసే అడ్మిన్ వేరు, జోన్ అడ్మిన్ వేరు. చదివి కూడా పట్టించుకోలేదు.

ఇప్పుడు కంటైనర్లన్నీ అన్‌ప్రివిలేజ్డ్. లోపల రూట్ నంబరు సున్నా అయినా, బయట సర్వర్‌కు అది 1,00,000వ నంబరు మామూలు యూజరే. డిపార్ట్‌మెంటుకో పూల్ ఉంది, అనుమతులు దాని వరకే. ఇన్‌ఛార్జులు తమ కంటైనర్‌ను ఆపుకోవచ్చు, లేపుకోవచ్చు, బ్యాకప్ తీసుకోవచ్చు. మెమరీ, ప్రాసెస్‌ల పరిమితి, స్టోరేజీ, కెర్నల్ అప్‌డేట్లు నా దగ్గరే. ఎవరికైనా కొత్తగా లాగిన్ ఇచ్చే ముందు దానితో నేనే లోపలికి వెళ్లి చూస్తాను. పరీక్షల విభాగం కంటైనర్ అక్కడ కనిపించిందంటే ఆ రోజుకు లాగిన్ ఇవ్వను.