రెండు బ్యాటరీలు

మాది పూరీలోని పెంఠకట. మా నాన్న పడవ మీద వేటకెళ్తాడు. లోతునీ చేపల జాడనీ చూపే ఫిష్ ఫైండర్ మాకుంది. దానికి 12 వోల్టులు కావాలి. ఇంట్లో ఉన్నవి రెండు 6 వోల్టుల బ్యాటరీలు.

నేను ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి ఇచ్చాను. సముద్రంలో మిషను వెలగనేలేదు. ఆ రోజు నాన్న ఒట్టి వలతో తిరిగొచ్చాడు. నన్నేమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

రాత్రి సైన్సు పుస్తకం తీశాను. అలా కలిపితే 6 వోల్టులే వస్తాయి. ఒకదాని ప్లస్‌ని రెండోదాని మైనస్‌కి కలిపితేనే 12. మిగిలిన ప్లస్‌కి ఫ్యూజు పెట్టి ఎర్ర తీగ, మిగిలిన మైనస్‌కి నల్ల తీగ కలిపాను. తెర వెలిగింది.

"ఈసారి ఇంటి దగ్గరే చూశావు, మంచిదిరా" అన్నాడు నాన్న. ఆ మాట మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.