రిమోట్ సెల్లులు

మామయ్య పోయిన పదో రోజుకి వాళ్లింటికి వెళ్తే అందరూ నాకొకటే పని అప్పజెప్పారు. "నువ్వు కంప్యూటర్ల పిల్లవి కదే, ఆయన ఫోనూ లాప్‌టాపూ కాస్త చూడు" అని. 2021 మే నెల. వచ్చిన మనుషులే తక్కువ, వచ్చినవాళ్లు కూడా మాస్కులు పెట్టుకుని దూరందూరంగా కూచున్నారు. ఏడవడానికి కూడా కుదరనట్టుండేది. చేతికి పని దొరకడమే నాకు మేలనిపించింది. ఆయన టేబుల్ దగ్గర కూచుని బ్యాంకు పాస్‌వర్డులు, ఇన్సూరెన్స్ కాగితాలు, కరెంటు బిల్లు ఏ మెయిల్‌కి వస్తుందో, ఫోన్లో ఫొటోలు, అన్నీ వెతికి తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఒక నోట్‌బుక్కులో వరసగా రాసి అత్తయ్య చేతిలో పెట్టాను.

సొరుగులో నల్లటి పలకలాంటిది ఒకటి కనిపించింది. చిన్నప్పుడు ఆయన చేతిలో చూసిందే. పామ్ త్రీ ఎక్స్‌ఈ. ఇంకా పారేయలేదా ఇది, అనుకుని సొరుగు మూసేశాను.

తర్వాత రెండేళ్లకి అత్తయ్య ఫ్లాట్ ఖాళీ చేసి కొడుకు దగ్గరికి వెళ్తూ, "ఈ వైర్లూ డబ్బాలూ నాకేం తెలుస్తాయి, నువ్వే తీసుకెళ్లవే" అని రెండు అట్టపెట్టెలూ, అటక మీద ఉన్న ఓ పాత డెస్క్‌టాపూ నాకిచ్చేసింది. అవి మా ఇంట్లో బీరువా కింద చేరాయి. వాటి సంగతి నేనూ పట్టించుకోలేదు.

వాటిని బయటికి తీయించింది మా అమ్మ ఫోను. 2014లో కొన్న ఆండ్రాయిడ్, కిట్‌క్యాట్ మీద నడిచేది. 2025 జనవరి 1 నుంచి ఆ కిట్‌క్యాట్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. అమ్మ నన్ను నిలదీసింది, "ఫోను బానే ఉంది కదే, వాట్సాప్‌కేం రోగం?" దానికి నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఫోను బానే ఉంది. గుప్పిట్లో ఇమిడిపోతుంది, వెనక డొప్ప గోటితో ఊడొస్తుంది, రెండుసార్లు సాంబార్లో పడి కూడా బతికింది. కొత్తది కొనిచ్చాను. "ఇది అప్పడాల పీటలా ఉంది" అంది.

ఇక ఆ పాతదాన్ని ఏం చెయ్యాలి? సిమ్ము తీసేసి, అంతా చెరిపేసి, వైఫై ఆపేశాను. నెట్టు లేకపోతే దానికి ప్రపంచం పాతబడదు. అబిడ్స్ జగదీష్ మార్కెట్లో దానికి సరిపోయే బ్యాటరీ దొరికింది. ఇయర్‌ఫోన్ వైరు గుచ్చితే అదే ఏంటెనాగా పనిచేసి ఎఫ్‌ఎం పలుకుతుంది, డేటాతో పనే లేదు. ఇప్పుడది వంటింట్లో పోపుల డబ్బా పక్కన నించుని 102.8లో వివిధభారతి పాడుతుంది. రోజంతా చార్జర్‌కి తగిలించి ఉంచొద్దని మాత్రం అమ్మకి గట్టిగా చెప్పాను. సాయంత్రం అరగంట పెడుతుంది, తీసేస్తుంది. ఫోనుగా అది అయిపోయినట్టే, రేడియోగా మాత్రం అమ్మకి దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

ఆ ఉత్సాహంలో ఇంట్లో ఉన్న పాత సామానంతా ముందేసుకున్నాను. అన్నీ బతికించాలన్న పిచ్చి నాకు లేదు. పాత ఐపాడ్‌లు వెతికి కొని మెళ్లో వేసుకు తిరిగే స్నేహితులున్నారు నాకు, వాళ్లది వేరే సరదా. నా దగ్గరున్న ఒక టాబ్లెట్ వెనకభాగం బూరెలా పొంగి ఉంది. అంటే లోపల బ్యాటరీ ఉబ్బింది. దాన్ని నొక్కకూడదు, పొడవకూడదు, చార్జింగ్ అసలు పెట్టకూడదు. నేరుగా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేశాను. నా మొదటి నోకియా దొరికింది. 2010లో దాన్లో తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనిపించేవి. ఒపేరా మినీలో ఎక్కడో లోపలికెళ్లి, క్లిష్టమైన లిపులకి బొమ్మల ఫాంట్లు వాడు అనే సెట్టింగు మారిస్తే, అక్షరాలు బొమ్మలుగా మారి వచ్చేవి. నేను తెలుగు బ్లాగులు మొదట చదివింది అలాగే, హాస్టల్లో దుప్పటి కింద, రెండంగుళాల తెర మీద. కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూచుని అదీ ఇచ్చేశాను. దానితో ఇప్పుడు నాకు పనేం లేదు, దాన్నుంచి రావలసిందేదో అప్పుడే వచ్చేసింది.

అట్టపెట్టె అడుగున పామ్ ఉంది.

వెనక మూత తీస్తే రెండు సన్న సెల్లులూ కారిపోయి, స్ప్రింగుల నిండా తెల్లటి పొడి. అల్కలైన్ సెల్లులు కారితే వచ్చేది క్షారం, దానికి విరుగుడు పులుపు. దూదిపుల్లకి నిమ్మరసం అద్ది తుడిచాను, బుసబుసా నురగొచ్చింది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొత్త సెల్లులు వేశాను. బటన్ నొక్కాను. వెలిగింది! ఇరవై అయిదేళ్ల యంత్రం, ఒక్క నొక్కుకి. ఒకే ఒక్క క్షణం సంతోషించాను. తెర మీద స్వాగతం అని వచ్చింది, పుల్లతో గుర్తు మధ్యలో తాకమంది. డబ్బాలోంచి అప్పుడే తీసిన కొత్తదాన్ని అడిగినట్టు అడిగింది.

పామ్ వాడినవాళ్లకి ఇది తెలుసు. ఆ రోజుల్లో వాటిలో మనం రాసుకున్నదంతా ఉండేది మామూలు ర్యామ్‌లో. సెల్లులు ఉన్నంతసేపే అది ఉంటుంది. ఇవాళ్టి ఫోను చార్జింగ్ అయిపోయి ఏడాది పడున్నా మళ్లీ పెడితే ఫొటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. దీనికి ఆ భాగ్యం లేదు. సెల్లులు పూర్తిగా చచ్చిపోతే యంత్రానికేం కాదు, కానీ దానికేమీ గుర్తుండదు.

అత్తయ్యకి ఫోన్ చేశాను. మామూలుగా అడిగినట్టే అడిగాను, మామయ్య ఈ మధ్య దాన్ని వాడేవాడా అని.

"వాడకపోవడమేంటే! నెలకోసారి టీవీ రిమోట్లో సెల్లులు మాయమయ్యేవి. అడిగితే నా పలక్కి కావాలి అనేవారు. నేను తిట్టేదాన్ని."

అంటే 2021 దాకా అది బతికే ఉంది. నేను సొరుగు తెరిచి మూసిన రోజున కూడా అందులో అంతా ఉంది. ఆ సెల్లులు ఇంకో నెల వచ్చాయో రెండు నెలలు వచ్చాయో. బ్యాంకు పాస్‌వర్డులన్నీ భద్రంగా తీసిపెట్టిన కంప్యూటర్ల పిల్ల, ఇది పాతది కదా అని సొరుగు మూసింది. ఈ మాట ఇప్పటిదాకా అత్తయ్యకి చెప్పలేదు.

అందులో ఏముండేదో నాకు తెలుసు కాబట్టే ఈ బాధ. మామయ్య 2000లో న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూ దాన్ని కొన్నాడు. 2003లో తిరిగొచ్చాక, తెనాలి దగ్గర మా అమ్మమ్మ ఊరికి వెళ్లినప్పుడల్లా అరుగు మీద కూచుని దానిలో అమ్మమ్మ మాటలు రాసుకునేవాడు. అందరం నవ్వేవాళ్లం. "ఆ పలక మీద ఏం గీకుతున్నావురా?" అనేది అమ్మమ్మ. "నీ నోట్లో మాటలేనే" అనేవాడు. నన్ను పిలిచి, "చూడు కోడలు పిల్లా, ఏ అక్షరానికి మధ్యగీత గీస్తే ఇది ఒప్పుకోదు" అని గ్రాఫిటీ రాత నేర్పాడు. మనం రాసేట్టు అది చదవదు, అది చదివేట్టు మనం రాయాలి.

మరి అందులో తెలుగెలా? ఆర్‌టీఎస్‌లో. అంటే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, కానీ ఫోన్లో మెసేజీలు కొట్టినట్టు ఇష్టమొచ్చినట్టు కాదు. చిన్న డీ రాస్తే ద, పెద్ద డీ రాస్తే డ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. ఇంటర్నెట్లో తెలుగు అక్షరాలు లేని రోజుల్లో అమెరికా తెలుగువాళ్లు అలా రాసుకున్నారు. గ్రాఫిటీలో పెద్దక్షరం కావాలంటే ముందు ఒక నిలువుగీత పైకి గీయాలి. ప్రతి ట కీ, ప్రతి డ కీ, ప్రతి ళ కీ ఆయన ఆ గీత గీసేవాడన్నమాట.

ఆ ఆలోచన వచ్చాకే అటక మీది డెస్క్‌టాప్ గుర్తొచ్చింది. పామ్‌ని దాని తొట్టిలో కూచోబెట్టి బటన్ నొక్కితే కంప్యూటర్లోకి ఒక కాపీ వెళ్తుంది, హాట్‌సింక్ అంటారు. ఆ తొట్టి వైరు సీరియల్ పోర్టుది. డెస్క్‌టాప్ లేచింది, రెండోసారికి. విండోస్ ఎక్స్‌పీ. పామ్ డెస్క్‌టాప్ ప్రోగ్రామూ ఉంది. ఇక్కడ వెంటనే బటన్ నొక్కబోయి ఆగాను. ఆ ప్రోగ్రామ్‌లో ఒక ఎంపిక ఉంటుంది, చేతిలోది కంప్యూటర్లోదాన్ని చెరిపి రాయాలా, కంప్యూటర్లోది చేతిలోదాన్నా, రెంటినీ కలపాలా అని. మొదటిది పెట్టి ఉంటే, ఖాళీ పలక వెళ్లి నిండు ఫైలుని తుడిచేస్తుంది. ముందు ఆయన పేరున్న ఫోల్డర్ మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేశాను. ఒక్కటి చాలదనిపించింది. అప్పుడు నొక్కాను. కిందనుంచి పైకి ఎగబాకే ఆ చిన్న బీప్ పాట వినిపించింది. ఎవరి డేటా అని అడిగితే ఆయన పేరు ఎంచాను.

214 మెమోలు వచ్చాయి.

చివరిసారి హాట్‌సింక్ చేసిన తేదీ 2006 ఆగస్టు. ఎందుకాగిందో అట్టపెట్టెలో ఉన్న బిల్లు చూస్తే తెలిసింది. ఆ నెలలో లాప్‌టాప్ కొన్నాడు. కొత్త లాప్‌టాప్‌కి సీరియల్ పోర్టు లేదు. అంతే. డెస్క్‌టాప్ అటకెక్కింది, ఆయన మాత్రం రాస్తూనే పోయాడు. అమ్మమ్మ 2009 దాకా ఉంది. ఆ మూడేళ్ల మాటలూ, ఆ తర్వాత పన్నెండేళ్లు ఆయన ఇంకేం రాసుకున్నాడో అవీ, కాపీ లేనివి. సీరియల్‌ని యూఎస్‌బీగా మార్చే వైరు అప్పుడూ దొరికేది, సికింద్రాబాద్ సీటీసీలో అడిగితే ఇచ్చేవాళ్లు. చెప్పేవాళ్లెవరు? నేను అప్పుడు ఇంటర్.

ఉన్న 214 మెమోల్ని కాపీ చేసి లేఖినిలో అతికించాను. వీవెన్ గారి లేఖిని ఆర్‌టీఎస్‌నే తెలుగు చేస్తుంది కదా. పై గడిలో గజిబిజి ఇంగ్లిష్, కింది గడిలో మా అమ్మమ్మ. "దాలి: పాలు కాగడానికి పిడకల నిప్పు ఉంచే గుంట. అమ్మ: దాలి మీద పాలు తొందరపడవురా, నువ్వే పడతావు." "పొంత: పొయ్యి పక్కన పెట్టే నీళ్లకుండ. వంటయ్యేసరికి నీళ్లు కాగుతాయి, వేరే కట్టె అక్కర్లేదు." "వాసెన: జాడీ మూతికి కట్టే గుడ్డ. పక్కింటావిడ వెళ్లాక అమ్మ: జాడీకైతే కడతాం, దీనికెక్కడ కడతాం." ఒక్క ద కూడా డ గా పడలేదు. ఆ నిలువుగీతలన్నీ ఆయన సరిగ్గా గీశాడు.

ఇప్పుడా ఫైలు మూడు చోట్ల ఉంది. కాబట్టి ఆ యంత్రంతో ఇక పనిలేదని ఎవరైనా అంటే వాదించను. నేనూ అదే అనుకున్నాను. లాప్‌టాప్‌లో పెద్ద అక్షరాలు చేసి అమ్మకి చూపించాను. రెండు పేజీలు చదివి, "బావుంది" అని కళ్లద్దాలు తీసేసింది. అదే ఆదివారం పామ్ చేతికిస్తే మాత్రం తీసుకుని తిప్పి చూసి, "ఇది అన్నయ్యది కదే" అంది. పుల్లతో ఒక్కో మెమో తెరవమంది. నేను ఆర్‌టీఎస్ చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "అది తప్పు. పొంత మీద మూకుడుండేది, అది రాయలేదేం?" అంది. తర్వాత, "కవ్వం తాడు గురించి రాశాడా?" అంది. వెతికాను, లేదు. 2006 తర్వాత రాశాడేమో. "రాసుకో మరి" అంది అమ్మ.

అలా 215 వచ్చింది. ఆదివారాలు రెండో మూడో వస్తున్నాయి. అమ్మకి గుర్తొచ్చేవి వాళ్లన్నయ్య రాసినవేనా అన్నది తేలదు, చాలావరకు వంటింటివీ కోపాలవీ. ఆయన పొలం మాటలు ఎక్కువ రాసేవాడు, అవి అమ్మకి రావు. నా గ్రాఫిటీ ఘోరం. పెద్ద టీ కోసం గీత గీయడం మర్చిపోతాను, అట్టు కాస్తా అత్తు అవుతుంది. ఆ పరికరంలో క్యాలెండర్ 2031 డిసెంబర్ 31 దాకానే ఉంది, ఆ తర్వాత తేదీ దానికి తెలియదు. అమ్మకి చెబితే, "అప్పటికి నాకు డెబ్బై అయిదు, చాల్లే" అంది.

ప్రతి నెలా ఒకటో తారీకున సెల్లులు మారుస్తాను. ముందు హాట్‌సింక్, ఇప్పుడు యూఎస్‌బీ వైరు ఉంది, లినక్స్‌లో జే-పైలట్ ఉంది. తర్వాత యంత్రం ఆపి, కొత్త సెల్లులు ఎడంపక్క వరసగా పెట్టుకుని, పాతవి లాగాలి. లోపల ఒక కెపాసిటర్ ఒక నిమిషంపాటు జ్ఞాపకాన్ని పట్టి ఉంచుతుంది. ఆ లోపల కొత్తవి పడాలి. పది సెకన్ల పనే. అయినా మొదటిసారి చేతులు వణికాయి, ఒక సెల్లు జారి మంచం కిందికి దొర్లిపోయింది. దాని కోసం పాకుతూ పైకే లెక్కపెట్టాను. నలభై రెండు దగ్గర దొరికింది.

ఈ నెల కొనడం మర్చిపోయాను. కొట్టు మూసే టైమైపోయింది. బటన్ నొక్కితే తెర మీద సెల్లులు బాగా తగ్గాయని హెచ్చరిక. ఏం చెయ్యను, చేతికందిన చోటునుంచి తీసి వేశాను. పక్క గదిలోంచి మా ఆయన అరుస్తున్నాడు, ఏసీ రిమోట్ పనిచెయ్యట్లేదేంటని.