సీనియర్ల చేతి నుంచి జూనియర్ల చేతికి

ఖరగ్‌పూర్ అనగానే ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరున్న 1,072 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫాం గుర్తొస్తుంది. ఊరికి రెండో గుర్తింపు ఐఐటీ. 1931లో పోలీసు కాల్పులకు ఇద్దరు రాజకీయ ఖైదీలు బలైన హిజ్లీ నిర్బంధ శిబిరంలోనే 1951లో అది మొదలైంది.

క్యాంపస్‌కు చేరువలోనే గోపాలి గ్రామం. చుట్టుపక్కల పేద పిల్లల కోసం 2002లో ఐఐటీ విద్యార్థులు గోపాలి యూత్ వెల్ఫేర్ సొసైటీని ప్రారంభించారు. ఆ సంస్థ జాగృతి విద్యా మందిర్ అనే ఇంగ్లిష్ మీడియం బడి నడుపుతోంది. సొంత పరీక్షలకు చదువుకుంటూనే దాని బాగోగులూ చూసుకోవాలి, విరాళాలూ పోగుచేయాలి.

చిక్కల్లా ఒక్కటే. క్యాంపస్‌లో వారి మకాం నాలుగైదేళ్లే. పట్టా చేతికి రాగానే రైలెక్కాల్సిందే. పల్లె పిల్లల చదువు మాత్రం అంతకంటే ఎక్కువ కాలం సాగాలి. అందుకే వెళ్లిపోయే సీనియర్లు ఆ బాధ్యతను జూనియర్లకు అప్పగించాలి. ఒక్క ఏడాది ఆ అప్పగింత తప్పినా దెబ్బతినేది పసివాళ్ల చదువే.