అంచనా పుస్తకము

2012వ సంవత్సరపు వేసవిలో మా పాత పెంకుటింటిని బాగుచేయింపవలెనని తలంచితిని. అది మా తండ్రిగారు కట్టిన యిల్లు. రెండు గదులు, అడుసుతో కట్టిన ఇటుక గోడలు, పైన తాటి దూలములు. వాసములకు చెదలు పట్టినందున, వాన కురిసిన రాత్రులందు మంచమును ఒక మూలనుండి మరియొక మూలకు జరుపుకొనుచుంటిమి. కుమార్తె వివాహమునకు ముందుగా స్లాబు వేయింపవలెనని నా కోరిక. అందులో కొంత అవసరము, కొంత అతిశయము ఉండెనని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

నోటుపుస్తకమొకటి కొని అంచనా వ్రాసితిని. 360 చదరపు అడుగుల స్లాబు, నాలుగున్నర అంగుళముల మందము. సిమెంటు 32 బస్తాలు, ఇనుము 3 క్వింటాళ్లు, ఇసుక, కంకర, సెంట్రింగు, కూలి. గోడల పూతకును, రంగునకును 12,000. మొత్తము 90,000 రూపాయలు. నాయొద్ద 95,000 ఉండెను. లూకా సువార్తలో గోపురము కట్టగోరినవానివలె నేనును మొదట కూర్చుండి లెక్క చూచుకొంటినని సంతోషించితిని. అయితే నేను కూర్చున్నది అరుగుమీద. గోడయొద్దకు పోయి త్రవ్వి చూడలేదు.

పెంకులు దింపిన మూడవనాడు తాపీమేస్త్రి గోడ అడుగున గునపముతో పొడిచి నన్ను పిలిచెను. "అయ్యా, ఈ గోడ స్లాబును మోయదండి. స్తంభాలు లేపాల్సిందే" అనెను. నూరు చదరపు అడుగుల స్లాబు రెండున్నర టన్నులకు పైగా తూగును. పెంకుల కప్పునకు అలవాటుపడిన అడుసు గోడ దానినెట్లు భరించును? ఆరు స్తంభములు, వాటికి పునాదులు, పైన దూలములు. మరి 60,000 కావలసివచ్చెను. ఇంటికి కప్పు లేదు, వెనుకకు పోవుటకు త్రోవ లేదు.

క్రొత్త యింటి ఖర్చు కాగితముమీద చాలవరకు తెలియును. పాత యింటిది విప్పి చూచినగాని తెలియదు. కాబట్టి బాగుచేయువాడు మొదట రెండు చోట్ల పునాది త్రవ్వించి, దూలపు కొనలను గీకి చూచి, తరువాతనే కలము పట్టవలెను. వ్రాసిన ప్రతి నాలుగు రూపాయలకు ఒక రూపాయి వేరుగా దాచవలెను. ఇది నాకు ఆలస్యముగా తెలిసినది.

నా భార్య గాజులు తాకట్టు పెట్టగా 40,000 వచ్చెను. ఇంకను 15,000 తక్కువ. అప్పుడు నేను మా సంఘమునకు కోశాధికారిని. మందిరపు కప్పును కారుచుండెను. దాని మరమ్మతుకై కోతకాలపు కానుకలును, స్త్రీలు పూటపూటకు పిడికెడు బియ్యము తీసిపెట్టి అమ్మిన సొమ్మును, 23,400 రూపాయలు నా పెట్టెలో ఉండెను. ఇనుము కొట్టువారు బాకీ అడిగిన సాయంత్రము ఆ పెట్టె తెరచి 15,000 తీసితిని. మిర్చి అమ్మి పది దినములలో పెట్టెదననుకొంటిని. దొంగిలించుచున్నానని తోచలేదు, చేబదులు తీసికొనుచున్నానని తోచెను. ఇచ్చినవారెవరని నన్ను నేను అడుగుకొనలేదు. మరియొక సంగతి చెప్పుటకు సిగ్గగుచున్నది. పూతకు దాచిన 12,000 ఇంటిలోనే ఉండెను. పెండ్లికి గోడలు తెల్లగా కనబడవలెనని దానిని ముట్టలేదు.

మిర్చి ధర పడిపోయెను. జూన్ మాసములో తొలి వాన ఆదివారమునాడే కురిసెను. మందిరములో ప్రభువు బల్లమీది తెల్లగుడ్డపై నీరు ధారగా పడుచుండగా ఒక వృద్ధురాలు లేచి తన కొంగుతో తుడిచెను. పిడికెడు బియ్యము తీసిపెట్టినవారిలో ఆమెయు ఒకతె. ఆ రాత్రి క్రొత్త స్లాబు క్రింద నా భార్య, "మందిరం పెంకులు మన స్తంభాల్లోకి పోయాయండీ. నాకిక్కడ నిద్ర పట్టదు" అనెను.

తెల్లవారిన తరువాత పూత సొమ్ము 12,000, ఆమె పాలు అమ్మి దాచుకొనిన 3,000 తీసికొని అయ్యగారియొద్దకు వెళ్లితిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "పెద్దల ఎదుట కూడా చెప్పండి" అనిరి. చెప్పితిని. కోశాధికారి పని నాయొద్దనుండి తీసివేసిరి; అది న్యాయమే.

ఆ దినమున అయ్యగారు రెండవ రాజుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము చదివిరి. యోవాషు ఏలుబడిలో ఇరువది మూడవ సంవత్సరమువరకు యాజకులు సొమ్ము తీసికొనుచునే యుండిరి గాని మందిరము బాగుపడలేదు. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జము వేసి బలిపీఠము దగ్గర కుడివైపున ఉంచెను. రాజుయొక్క లేఖికుడును ప్రధానయాజకుడును కలిసి లెక్కించి, పని చేయించువారికి ఇచ్చుచుండిరి. ఆ సొమ్ముతో వెండి పాత్రలు చేయింపలేదు. వడ్రంగులకు, కాసెవారికి, మ్రానులకు, రాళ్లకు మాత్రమే ఇచ్చిరి. వెండి పాత్రల మాట చదువగా నా తెల్ల గోడలు జ్ఞాపకమునకు వచ్చెను. పని చేయించువారిని లెక్క అడుగలేదని కూడ అక్కడ ఉన్నది. కోశాధికారులు ఆ మాట చూచి సంతోషింపవద్దు; పెట్టెయొద్ద ఇద్దరు ముందే లెక్కించియుండిరి.

నేటికిని మా మందిరములో పెట్టెకు రెండు తాళములు. ఒక చెవి అయ్యగారియొద్ద, రెండవది బల్ల తుడిచిన ఆ వృద్ధురాలి కోడలియొద్ద ఉన్నవి. ఆ సంవత్సరమే జూలైలో మందిరపు పెంకులు మార్చిరి.

మా కుమార్తె వివాహము ఇటుకలు కనబడుచున్న యింటిలోనే జరిగెను. వియ్యంకుడుగారు గోడమీద చేయి వేసి, "బావగారూ, దీనికి పూత ఎప్పుడండీ?" అని అడిగిరి. నేను లోపలికి పోయి అంచనా పుస్తకము తెచ్చి ఆయన చేతిలో పెట్టితిని.